ఓదెలు కొలిచిన కరెంటు

అమీర్‌పేటలో ఓదెలును ఎరిగినవాళ్ళకు అతని గురించి తెలిసిన సంగతి ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు డిగ్రీ కాలేజీవాళ్ళు కక్షగట్టి అతణ్ణి ఫెయిల్ చేశారు. ఇది ఎక్కడో పుట్టిన పుకారు కాదు. ఓదెలే చెప్పాడు. తాను పనిచేసే జిరాక్స్ షాపుకు వచ్చినవాళ్ళకు చెప్పాడు. మెస్సులో పక్కన కూర్చుని సాంబారు జుర్రుకునేవాడికి చెప్పాడు. యూసుఫ్‌గూడలో గది అద్దె పంచుకునే హైదర్‌కు ఎంతగా చెప్పాడంటే, చివరికి హైదరే ఆ కథను ఓదెలు కంటే బాగా చెప్పడం నేర్చుకున్నాడు.

అది రెండువేల సంవత్సరం. మైత్రీవనం బిల్డింగు చుట్టుపక్కల గోడలన్నవి కనబడేవి కావు, వాటిమీద అంటించిన కాగితాలే కనబడేవి. జావా నేర్పిస్తాం, ఒరాకిల్ నేర్పిస్తాం, ఉద్యోగం మా పూచీ. బస్సు దిగిన ప్రతి కుర్రాడి చేతిలో ఎవడో ఒకడు ఒక కరపత్రం కుక్కేవాడు. తెనాలి నుంచీ, ఏలూరు నుంచీ, ఖమ్మం నుంచీ దిగినవాళ్ళు ఆ కరపత్రం పట్టుకుని నేరుగా క్లాసుకూ, క్లాసు నుంచి ఓదెలు షాపుకూ వచ్చేవాళ్ళు, సార్ల చేతిరాత నోట్సు జిరాక్స్ తీయించుకోవడానికి. ఓదెలు మిషన్ మూత వేసి, పచ్చటి వెలుగు ఆ కొస నుంచి ఈ కొసకు పోయేలోపల పక్క కాగితం చదివేసేవాడు. చదివి, ఆ నోట్సులో తప్పు కనబడితే గట్టిగా నవ్వేవాడు. "గీ సార్‌కే రాదు, మీకేం జెప్తడన్నా?" అనేవాడు. గిరాకీలు మొహం మాడ్చుకుని పోయేవాళ్ళు. షాపు ఓనరు తిట్టేవాడు.

గోదావరిఖనిలో తండ్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఇంట్లో పుస్తకమన్నది లేదు. హైదరాబాదు వచ్చాక ఓదెలు ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలూడిన పుస్తకాలు ఏరుకుని చదివాడు. రేడియో రిపేరు పుస్తకం, చరిత్ర, సగం పేజీలు పోయిన నవలలు, ఏది దొరికితే అది. పక్కన కూర్చుని చెప్పినవాళ్ళు లేరు. అట్లా చదివినవాడికి బలమూ వస్తుంది, ఒక జబ్బూ వస్తుంది. తనకు తెలియనిది ఎదుటివాడికి తెలిసి ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు.

ఆ ఫెయిలు సంగతి ఇది.

ఓదెలు డిగ్రీ చదివింది ఎస్.ఆర్.నగర్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో, ఎలక్ట్రానిక్స్ గ్రూపు. చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో డయోడ్ ప్రయోగం వచ్చింది. డయోడ్ అంటే గింజంత వస్తువు. కరెంటును ఒక దిక్కునే పోనిస్తుంది. ముందువైపు కట్టి వోల్టేజి పెంచుకుంటూ పోతే మొదట ఏమీ పోదు, ఒకచోట గేటు తీసినట్టు ఒక్కసారి దూకుతుంది. ఆ దూకే చోటు ఎంతో చూసి రాయాలి. తర్వాత తిప్పి కట్టాలి. అప్పుడు కరెంటు దాదాపు పోదు. బొట్టు బొట్టుగా కారుతుంది, వోల్టేజి ఎంత పెంచినా ఆ కారడం పెద్దగా పెరగదు. ముందువైపుకొక గీత, వెనకవైపుకొక గీత, గ్రాఫ్ షీటు మీద గీసి ఇస్తే అయిపోయింది.

కాలేజీలో ఎవరూ కొలిచేవాళ్ళు కాదు. సీనియర్ల రికార్డుల నుంచి రీడింగులు దించుకునేవాళ్ళు. దూకే చోటు సున్నా పాయింట్ ఆరు అని పుస్తకంలో ఉంది కాబట్టి అందరి రికార్డుల్లోనూ ఆరే ఉండేది. ఓదెలు కొలిచాడు. అతనికి మూడు వచ్చింది. మూడే రాశాడు. తిప్పి కట్టి చూస్తే కారవలసిన కరెంటు వోల్టేజితో సమానంగా పెరుగుతూ, కర్ర పెట్టి గీసినట్టు తిన్నగా పైకి పోయింది. అదీ అట్లాగే రాశాడు. బయట కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ గీత చూసి "ఇదేమిటయ్యా?" అని అడిగితే, "నాకు కనబడ్డది రాసిన సార్. దించి రాసేటోళ్ళను అడుగుండ్రి, మంచిగ చెప్తరు" అన్నాడు.

నలభైమందిలో అతనొక్కడే పోయాడు.

అప్పటినుంచీ ఓదెలు లోకాన్ని రెండుగా చీల్చుకున్నాడు. ఆరు రాసినవాళ్ళు ఒక వైపు, మూడు రాసిన తాను ఒక వైపు. ఆరు రాసినవాళ్ళు పంజాగుట్టలో ఆఫీసుల్లో చేరుతుంటే చూశాడు. మెడలో తాడుకు బిళ్ళ వేలాడదీసుకుని షాపు ముందు నుంచి పోతుంటే చూశాడు. ఒకడు పలకరించబోతే, "నీ డయోడ్ మంచిగున్నదా?" అని అడిగాడు. వాడికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడం ఓదెలును ఇంకా మండించింది.

హైదర్ పంజాగుట్టలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో పనిచేసేవాడు. చెవులకు యంత్రం తగిలించుకుని, ఎక్కడో డాక్టర్లు గొణిగిన మాటలు విని టైపు కొట్టే పని. అతను చెప్పి ఓదెలుకు అక్కడ పరీక్ష పెట్టించాడు. ఓదెలు నెగ్గాడు. కానీ డిగ్రీ ప్రొవిజినల్ సర్టిఫికెట్ తెస్తేనే కుర్చీ అన్నారు. సప్లిమెంటరీ దాకా ఆగుతాం, ఆపైన ఆగం అన్నారు. ఆ ఒక్క ప్రాక్టికల్ మిగిలింది అడ్డం.

"ఈసారి ఆరు రాసెయ్ భాయ్" అన్నాడు హైదర్ పరీక్ష పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "వాళ్ళకి ఆరే కావాలంటే ఆరే ఇచ్చెయ్. నీ బాప్‌కా క్యా జాతా?"

"మూడు వస్తే మూడే రాస్త."

"మరి మళ్ళ ఫెయిల్ చేస్తరు."

"చెయ్యనీ. ఈసారి వదల. యూనివర్సిటీ దాక పోత."

"కుర్చీ పోతది రా, పాగల్!"

ఓదెలు చెప్పులు తొడుక్కున్నాడు. నిజానికి భయంగానే ఉంది. కుర్చీ కావాలి. జిరాక్స్ మిషన్ వేడికి మొహం మీద చెమట ఆరని బతుకు చాలనిపించింది. కానీ ఆరు రాసి గెలవడమంటే ఏడాదిపాటు తాను చెప్పిన కథనంతా మింగడమే. అది గొంతు దిగేలా లేదు.

కాలేజీ మెట్లెక్కేసరికి ల్యాబు సగానికి కుంచించుకుపోయి ఉంది. మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టి అవతలి సగం కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు అద్దెకిచ్చారు. అవతల ఎవరో మైకు పెట్టి పాఠం చెబుతున్నాడు. ఇవతల పాత బల్లలు, ముల్లు మీటర్లు, వైర్ల కుప్ప. లెక్చరర్ వసుమతి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. రాజమండ్రి మనిషి. ఈ ల్యాబులోనే జుట్టు నెరిసింది. ఆమె నోటికి జంకనివాడు కాలేజీ యజమాని ఒక్కడే అనేవాళ్ళు, ఆయన కూడా పక్కకు తప్పుకునే పోయేవాడు.

"వచ్చారా న్యాయమూర్తి గారు?" అంది. "తీర్పు రాసుకునే వచ్చారా, ఇక్కడ చూసి రాస్తారా?"

"చూసే రాస్త మేడం. నాకు దించి రాసుడు రాదు."

"తెలుసు. ఏం వచ్చో అదీ తెలుసు. చీటీ తియ్యి."

సుద్దముక్కల డబ్బాలో మడిచిన చీటీలున్నాయి. ఏ ప్రయోగం ఎవరికి పడాలో అదృష్టం తేల్చాలని. సప్లిమెంటరీకి వచ్చిన మిగతావాళ్ళు వెనక నిలబడి చూస్తున్నారు. ఓదెలు ఒకటి తీసి విప్పాడు. డయోడ్.

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఓదెలు మొహం నల్లబడింది.

"గా మిగిలిన చీటీలు జర ఇప్పుండ్రి మేడం."

"ఏంటి?"

"అన్నిట్ల డయోడే రాసి పెట్టిండ్రేమో చూద్దాం."

వెనక నవ్వు ఆగింది. ప్లైవుడ్ అవతల మైకు మాత్రం ఆగలేదు. వసుమతి డబ్బా మొత్తం బల్లమీద బోర్లించింది. "ఇప్పు" అంది. ఓదెలు ఒక్కొక్కటే విప్పాడు. ట్రాన్సిస్టర్, రెక్టిఫయర్, ఆంప్లిఫయర్, దేనికదే వేరు. విప్పినవాటిని మళ్ళీ ఏం చేయాలో తెలియక చేతిలో పెట్టుకు నిలబడ్డాడు.

"మడిచి పెట్టు" అంది ఆమె. "నువ్వే మడువు. మిగతావాళ్ళు నీ కోసం కాచుకున్నారు."

మడిచాడు. కోపమంతా మడతల మీద చూపించాడు.

బల్ల దగ్గర కూర్చుని ముందువైపు కట్టాడు. అమ్మీటరు వరసలో, వోల్ట్‌మీటరు డయోడ్ రెండు కాళ్ళ మీద. నాబు కొంచెం కొంచెంగా తిప్పాడు. ముల్లు కదల్లేదు, కదల్లేదు, సున్నా పాయింట్ మూడు దాటుతుండగానే ఎగిరింది. ఓదెలు గుండె కూడా ఎగిరింది.

"మేడం!" అని కేక వేశాడు. "వచ్చి చూడుండ్రి. ఇయ్యాల సుత మూడే!"

వసుమతి వచ్చింది. మీటరు చూసింది, అతణ్ణి చూసింది. "అయితే?"

"పుస్తకంల ఆరు ఉన్నది గద."

"పుస్తకంలో ఉన్నది సిలికాన్ డయోడ్. ఈ కిట్టులో ఉన్నది జర్మేనియం. దానికి మూడే వస్తుంది. సిలికాన్ పెడితే తిప్పి కట్టినప్పుడు కారే కరెంటు ఈ మీటర్లకు ఆనదు. అందుకని నేనే దగ్గరుండి జర్మేనియం పెట్టించాను. నువ్వు ఇంటర్ చదివేటప్పటి మాట."

ఓదెలు డయోడ్ వైపు చూశాడు.

"పోయినేడు నీ మూడుకి ఎవరూ మార్కులు తీయలేదు" అంది ఆమె. "నువ్వేదో కొత్త ఖండం కనిపెట్టినట్టు ఊరంతా చాటుతున్నావని విన్నాను. అది మాకు ముందే తెలుసు బాబూ."

"మరి దేనికి ఫెయిల్ జేసిండ్రు?"

"పరీక్షలో ఉన్నావు. నేను చెప్పకూడదు. తిప్పి కట్టు." వెళ్ళిపోయింది.

అబద్ధం. ఇప్పటికిప్పుడు అల్లిన అబద్ధం అనుకున్నాడు ఓదెలు. తెలిసినదైతే దించుకున్నవాళ్ళందరి ఆరునూ ఎందుకు ఒప్పుకుంది? పళ్ళు కొరుకుతూ డయోడ్‌ను తిప్పి పెట్టాడు. సన్న కరెంటును చూపే మైక్రో అమ్మీటరు కట్టాడు. మిగతా వైర్లు ఎక్కడివక్కడే. తిప్పి కట్టడమంటే డయోడ్‌ను తిప్పడమే కదా. నాబు తిప్పాడు. ముల్లు లేచింది. ఇంకొంచెం తిప్పితే ఇంకొంచెం లేచింది. వోల్టేజి రెట్టింపైతే కరెంటూ రెట్టింపైంది. మళ్ళీ అదే కర్రగీత.

వసుమతి అటు పోతూ ఆ ముల్లు చూసింది. ఆగలేదు. "పోయినేటి పాటేనా?" అని మాత్రం అని పక్క బల్లకు వెళ్ళింది.

ఓదెలు పెన్సిలు అందుకున్నాడు. గీత ఎట్లా ఉండాలో అతనికి తెలుసు. పుస్తకంలో బొమ్మ కళ్ళకు కట్టినట్టుంది. కొంచెం దిగి, ఆపైన పడుకున్నట్టు సాగిపోవాలి. నాలుగు అంకెలు ఊహించి వేస్తే చాలు. ఎవడూ వచ్చి మీటరు చూడడు. సర్టిఫికెట్ వస్తుంది, కుర్చీ వస్తుంది. కనబడ్డది రాస్తే మళ్ళీ పోతాడు. ఊహించి రాస్తే తాను ఏడాదిగా ఉమ్మేస్తున్న ఆ ముప్ఫైతొమ్మిదిమందిలో కలిసిపోతాడు.

రెండూ కాదనుకున్నాడు. కిట్టే పాడైంది. డయోడ్ కాలిపోయి ఉంటుంది. ఆ సంగతి అందరి ముందూ తేల్చి, ఎగ్జామినర్‌ను పిలిపించి, ఈ ముసల్దాని మొహం మీద కొట్టినట్టు చూపించాలి. కసిగా డయోడ్ కాలును సాకెట్టు నుంచి ఊడబెరికి, "మేడం! మీ కిట్టు చెడిపోయింది" అని అరిచాడు. అరుస్తూనే మీటరు వైపు చూశాడు.

ముల్లు పడిపోలేదు.

డయోడ్ లేదు. దారి తెగి ఉంది. అయినా ముల్లు ఇంతకుముందు ఎక్కడుందో అక్కడే నిలబడి ఉంది. నాబు తిప్పితే ఎప్పటిలాగే లేచింది. అయితే ఈ కరెంటు ఎటునుంచి పోతోంది? ఓదెలు వేలు పెట్టి వైరు వెంట వెళ్ళాడు. సప్లయి నుంచి అమ్మీటరుకు. అమ్మీటరు నుంచి డయోడ్‌కు, అది తెగింది. పక్కన ఇంకొక దారి. వోల్ట్‌మీటరు. పాత ముల్లు మీటరు, తన ముల్లును తానే లేపుకోవడానికి కొంచెం కరెంటు తాగుతుంది. ముందువైపు కట్టినప్పుడు డయోడ్‌లో వరద పోతుంటుంది కాబట్టి ఆ గుక్కెడు లెక్కలోకి రాదు. తిప్పి కట్టినప్పుడు డయోడ్‌లో పోయేదే బొట్టు. అప్పుడు ఈ మీటరు తాగే గుక్కే పెద్దది. అమ్మీటరు చూపిస్తున్నది దాన్ని.

పోయినేడు కొలిచింది డయోడ్‌ను కాదు. వోల్ట్‌మీటరును. ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగి చెప్పింది వోల్ట్‌మీటరు గురించి.

"ఏంటి? ఏం చెడిపోయింది?" వసుమతి బల్ల దగ్గర నిలబడి ఉంది. ఊడిన డయోడ్‌నూ, లేచి ఉన్న ముల్లునూ చూసింది. ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. కిట్టు చెడిందంటే ఇంకొకటి ఇస్తారు, టైమూ కలుపుతారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఏం లేదు" అన్నాడు ఓదెలు.

"అరిచావుగా?"

"ఏం లేదన్న గద మేడం. పోండ్రి."

ఆమె వెళ్ళింది. ఓదెలు వోల్ట్‌మీటరు వైరు ఊడదీసి, డయోడ్‌నూ అమ్మీటరునూ కలిపి రెండిటి బయట కట్టాడు. ఇప్పుడది తాగేది అమ్మీటరు గుండా పోదు. నాబు తిప్పాడు. ముల్లు కొంచెం లేచి, అలిగినట్టు అక్కడే ఆగింది. ఎంత తిప్పినా ఆగింది. ఒక్కొక్క రీడింగే రాస్తుంటే, ప్రతి అంకె తనను తిడుతున్నట్టే అనిపించింది.

ఈసారి వచ్చిన ఎగ్జామినర్ రామ్మోహనరావు ఆకలి మీద ఉన్నాడు. గ్రాఫ్ చూసి, "రివర్స్‌లో వోల్ట్‌మీటరు ఎక్కడ కట్టావు?" అన్నాడు.

"రెండింటికి బయట సార్."

"ఏం?"

"లేకుంటే అది తాగే కరెంటే కనబడతది. డయోడ్‌ది కనబడదు."

"బాగుందే. ఎక్కడ చదివావు?"

ఓదెలు వసుమతి వైపు చూడకుండా, "గిప్పుడే తెలిసింది సార్" అన్నాడు.

ఆయన నవ్వి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "పోవయ్యా. పాసే."

ఓదెలు పోలేదు. మిగతావాళ్ళు వెళ్ళేదాకా వరండాలో నిలబడ్డాడు. వసుమతి వైర్లు చుట్టుకుంటుంటే గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"పోయినేడే గీ ఒక్క ముక్క చెప్పుంటే అయిపోతుండె. నా ఏడాది మింగిండ్రు."

ఆమె తలెత్తలేదు. "చెప్పడానికే నీ బల్ల దగ్గరికి వచ్చాను. పరీక్ష అని కూడా చూడకుండా వచ్చాను. ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ఇప్పుడే గుర్తొచ్చింది. అందరికీ చెప్పి రాయిస్తున్నట్టు నాకు రాయించకుండ్రి మేడం, జర దూరం జరుగుండ్రి, అన్నాడు. గదంతా వినేటట్టు అన్నాడు.

"ఎగ్జామినర్ నిన్ను ఫెయిల్ చేస్తానంటే నేను అడ్డుపడ్డాననుకున్నావా?" అంది ఆమె. "పడలేదు. చేసెయ్యండి అన్నాను."

"కొలవకుంట దించినోళ్ళందరు పాస్. కొలిసినోణ్ణి ఒక్కణ్ణి ఫెయిల్ జేసిండ్రు. గిదేం న్యాయం?"

వసుమతి చుట్టిన వైరును బల్లమీద పడేసింది. "న్యాయం కాదు. వాళ్ళందర్నీ ఫెయిల్ చేస్తే వచ్చే ఏడాదికి ఈ సగంలో కూడా కంప్యూటర్లు పెడతారు. నన్ను ఇంటికి పంపుతారు. నిన్నొక్కణ్ణి చేస్తే అడిగే నాథుడు లేడు. తెలిసిందా? ఇప్పుడు దిగు. మళ్ళీ ఈ మెట్లెక్కకు."

"ఎక్కుతనా? ముక్కు మూసుకుని సుత ఎక్క."

దిగాడు. దిగుతూ ఇంకా ఏదో అనాలనుకున్నాడు గానీ, ఏ మాట అన్నా సగం తనకే తగిలేలా ఉంది.

పంజాగుట్టలో కంపెనీ కింద ఇరానీ హోటల్‌లో హైదర్ కాచుకుని ఉన్నాడు. పక్కన ఆఫీసు దోస్తు అమ్జద్. ఓదెలు కుర్చీ లాక్కుని కూర్చోకముందే, "క్యా హువా?" అన్నాడు హైదర్.

"పాస్."

హైదర్ బల్ల మీద గట్టిగా కొట్టాడు. చాయ్ కప్పులు ఎగిరాయి. "ఆరు రాసినవా, మూడా?"

"మూడే."

"మరి ఎట్ల పాస్ జేసిండ్రు?"

చెప్పాలి. వోల్ట్‌మీటరు వైరు సంగతి చెప్పడానికి నోరు తెరిచాడు. హైదర్ కళ్ళు మెరుస్తున్నాయి. అమ్జద్ కూడా ముందుకు వంగాడు. అతనికీ కథ తెలుసు, ఆఫీసులో సగంమందికి తెలుసు. రేపటినుంచి వాళ్ళ మధ్యే కూర్చోవాలి, నిజం రాసి ఫెయిలైనవాడుగా కూర్చోవాలి. వైరు తప్పు కట్టి ఫెయిలైనవాడుగా ఎట్లా కూర్చుంటాడు?

"భయపడ్డరు భాయ్" అన్నాడు ఓదెలు. "యూనివర్సిటీకి పోత అన్న గద. కిట్టు మార్చిండ్రు. నోరు మూసుకుని మార్కులేసిండ్రు."

"మై బోలా థా!" హైదర్ అమ్జద్ భుజం మీద చరిచాడు. "చూసినవా? ఆ మేడం ఉన్నది చూడు, సాలీ, అంతా ఆమె చేసిందే. ఏమన్నది ఓదెలూ, చెప్పు. మాఫీ అడిగిందా లేదా?"

ఓదెలు చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు.

"అడిగింది" అన్నాడు.